పాత సౌండ్ మీటర్ కొంటున్నారా? ముందు ఆ ఎ/సి స్విచ్ సంగతి చూడండి

బరంపురంలో గానీ, ఇటు ఇచ్ఛాపురం వైపు గానీ హోమ్ థియేటర్ సెట్ చేసుకోవడానికి సెకండ్ హ్యాండ్ సౌండ్ లెవెల్ మీటర్ (మోత ఎంతుందో డెసిబెల్స్‌లో కొలిచేది) వెతుకుతున్నవాళ్లు కొంచెం ఆగండి. నాకు 1,800 రూపాయలు పోయాయి, పైగా పక్కింటివాళ్ల చేత మాటలు పడ్డాను.

ముల్లు తిరిగే పాత రకం మీటరు, కొలిచే పద్ధతి మార్చడానికి ఎ, సి అని ఒక స్విచ్ ఉంది. పాత సామాన్ల కొట్లో పెద్దాయన చప్పట్లు కొట్టి చూపించాడు. ముల్లు లేచింది. "ఠిక్ అఛి బాబూ, ఇంకేం కావాలి?" అన్నాడు. వెనకాల కాలిబ్రేషన్ (కొలత సరిచూసినట్టు) స్టిక్కర్ కూడా ఉంది. దాని మీద తేదీ చెరిగిపోయిందని ఇంటికొచ్చాక గానీ గమనించలేదు, అది నా తప్పే.

ఆంప్లిఫయర్‌లో వచ్చే టెస్ట్ టోన్ పెట్టి, కూర్చునే చోట ఒక్కో స్పీకరూ 75 డెసిబెల్స్ చూపించేలా సెట్ చేశాను. ముందు స్పీకర్లు సరిగ్గానే వచ్చాయి. బేస్ మోత ఇచ్చే సబ్‌వూఫర్ దగ్గరకొచ్చేసరికి ముల్లు లేవలేదు. నాబ్ తిప్పుతూ పోయాను, చివరిదాకా. ఆ రాత్రి సినిమా పెడితే పక్కింటి పిన్నిగారి వంటింట్లో గిన్నెలు మోగాయట. ఠకురాణి యాత్ర (బరంపురం అమ్మవారి జాతర) ఇంకా రాలేదు కదా అని తెల్లారి గుమ్మంలోనే అడిగేశారు.

అసలు సంగతేమిటంటే, స్విచ్ సి మీద ఉన్నా లోపల మీటరు ఎ లోనే ఉండిపోయింది. ఎ వెయిటింగ్ అనే పద్ధతి మన చెవిలాగా బేస్‌ని తగ్గించి లెక్కేస్తుంది: 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్, 50 దగ్గర 30. సి అయితే 50 దగ్గర కూడా ఒకటిన్నర లోపే తగ్గిస్తుంది. 10 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ పది రెట్లు కావాలి, మరి 30 అంటే వెయ్యి రెట్లు! సబ్ కాలిపోకపోవడం నా అదృష్టం.

కొనేముందు ఒక బ్లూటూత్ స్పీకర్ పట్టుకెళ్లండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 1,000 హెర్ట్జ్ పెట్టి స్విచ్ ఎ నుంచి సి కి మార్చండి, రీడింగ్ మారకూడదు. తర్వాత 100 హెర్ట్జ్ పెట్టండి. సి లో 19 దాకా ఎక్కువ చూపించాలి. మారకపోతే స్విచ్ చచ్చినట్టే. రేంజ్ డయల్ కూడా చూడండి: 70 మీద ముల్లు +4 చూపిస్తే (అంటే 74), అదే మోత 80 మీద −6 చూపించాలి. నాది −2 చూపించింది. బ్యాటరీ మూత తీసి పచ్చటి చిలుము పట్టిందేమో చూడటం మర్చిపోకండి, గోపాల్‌పూర్ సముద్రపు గాలికి మనవైపు అది మామూలే.

94 డెసిబెల్స్ ఇచ్చే కాలిబ్రేటర్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇంకా మంచిది, కానీ అది 1,000 హెర్ట్జ్ దగ్గరే చెబుతుంది. నా మీటరు దాంట్లో చక్కగా పాసైపోయేది! అందుకే బేస్ పరీక్ష విడిగా చేయాలి. నన్నడిగితే ఖర్చు ఎక్కువైనా, కాలిబ్రేషన్ ఫైలుతో (ఆ మైకు తేడాలు సరిచేసేది) వచ్చే యూఎస్‌బీ మైకు తీసుకోవడమే మేలు.

మీటరు వెనక్కి ఇవ్వబోతే పెద్దాయన మళ్లీ చప్పట్లు కొట్టి చూపించాడు. ఆయన వెనకాల అద్దాల బీరువాలో ఇలాంటివే ఇంకో రెండు కనిపించాయి.