పేరుకే మిక్సోలిడియన్

మోడ్‌ల (అవే స్వరాల్లో వేరే స్వరాన్ని షడ్జంగా పట్టుకుంటే వచ్చే స్కేళ్ల) మీద గిటార్ సోలో సాధన కోసం ఒక బ్యాకింగ్ ట్రాక్‌ల యాప్‌ని, అంటే వెనక వాద్యాలు మోగుతుంటే మనం పైన వాయించుకునేదాన్ని, రెండేళ్లుగా వాడుతున్నాను. ఎన్ని ట్రాక్‌లున్నాయి, ఏ ఫోన్‌లో నడుస్తుంది లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నా పేచీ అంతా ఒక్కదానితోనే: ట్రాక్ మీద అంటించిన మోడ్ పేరు.

మొదట్లో నాకు నచ్చిందీ అదే. శ్రుతి, మోడ్, టెంపో ఎంచుకుంటే చాలు, ట్రాక్‌ల వరుస కళ్లముందుంటుంది. వెతుకులాట తప్పిందని కనబడ్డ గిటారిస్టుకల్లా చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే కాస్త తగ్గించి చెబుతున్నా.

'డీ మిక్సోలిడియన్' (డీ షడ్జంగా, మేజర్ స్కేల్‌లాంటిదే, నిషాదం మాత్రం కోమలం) అని ఉన్న ఒక ట్రాక్ అంటే నాకు ప్రాణం. డీ కార్డ్ ఒక బార్ (తాళంలో ఒక చుట్టు), సీ ఒక బార్, జీ రెండు బార్లు, మళ్లీ మొదటికి. ఆరు నెలలు దాదాపు రోజూ దాని మీదే వాయించాను. ఏ ఫ్రెట్‌లో వేలు పెట్టినా తియ్యగా పలికేది. మిక్సోలిడియన్ వచ్చేసిందనుకున్నా.

ఒకరోజు బేస్ వాయించే మిత్రుడితో కూర్చున్నా. "ట్రాక్ ఎందుకురా, నేను డీ పట్టుకునుంటా, నువ్వు కానీ" అన్నాడు. కింద డీ ఒక్కటే మోగుతోంది. రెండు నిమిషాలకే నాకు తేడా తెలిసిపోయింది. మొదలుపెట్టిన ప్రతి పలుకూ జీ దగ్గరికి పోయి ఆగుతోంది, కానీ అక్కడ నిలవట్లేదు, గాల్లో వేలాడుతోంది. ఈ మోడ్‌కి ఆయువుపట్టు సీ, అంటే కోమల నిషాదం. దాని మీద ఒక్కసారైనా నిలబడలేదు, కాలు తగిలిన రాయిలా దాటిపోతున్నా. వాడు కాసేపు విని, "ఒరేయ్, నువ్వు వాయించేది జీ మేజర్" అన్నాడు.

ఇంటికొచ్చి ట్రాక్ మళ్లీ పెట్టా. జీ మీద ఆపితే మాట పూర్తయినట్టుంది. డీ మీద ఆపితే ఇంకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టుంది. ఉండదూ మరి! రెండు స్కేళ్లలోనూ ఉన్నవి అవే ఏడు స్వరాలు. అందులో షడ్జం ఏదో చెవికి చెప్పాల్సింది వెనక మోగే కార్డ్‌లే. లూప్ చివర జీని రెండు బార్లు కూర్చోబెడితే చెవి దాన్నే షడ్జం అనుకుంటుంది. డీ పంచమం అయిపోతుంది. డీని రెండు మూడు బార్లు నిలిపి, సీని ఊరికే తాకి వెనక్కొచ్చినా సరిపోయేది.

కోపంతో మిగతావీ జల్లెడ పట్టాను. డోరియన్‌లో (మైనర్ స్కేల్‌కి దగ్గరి మోడ్) డీ మైనర్, జీ రెండే తిరిగేవి బాగున్నాయి. డోరియన్ రంగు తెచ్చే బీ స్వరం జీ కార్డ్‌లోనే ఉంది కదా. ఒకదాంట్లో మాత్రం బీ ఫ్లాట్ కార్డ్ ఉంది! అది ఏయోలియన్ (మామూలు మైనర్ స్కేల్) తప్ప డోరియన్ ఎలా అవుతుంది? 'ఎఫ్ లిడియన్' (ఎఫ్ షడ్జంగా ఉండాల్సిన మోడ్) అన్నవి కొన్ని ఎఫ్, జీ మీదుగా మైనర్ కార్డ్‌కి జారి అక్కడే కాపురం పెట్టేశాయి.

కార్డ్‌లు మ్యూట్ చేసే సౌకర్యం ఉంది కదా అని ప్రయత్నించా. లాభం లేదు, బేస్ కూడా జీకే పోతోంది. చివరికి విసుగొచ్చి బేస్ కూడా ఆపేసి, డ్రమ్స్ ఒక్కటే ఉంచి, ఇంకో ఫోన్‌లో తంబురా డీకి పెట్టాను. రెండేళ్లలో నాకు దొరికిన అసలైన ఆనందం ఇదే. కోమల నిషాదం మీద నిలబడితే ఆ లాగుడు ఒంటికి తెలిసింది. హరికాంభోజి రాగం స్వరాలే కదా ఇవి, ఈ ఉపాయం ముందే తట్టకపోవడం నా మొద్దుతనం. (గమకాల జోలికి పోను, స్వరస్థానాల వరకే మాట.) లోక్రియన్ అనే మోడ్‌కి మాత్రం తంబురాలో పంచమం కుదరదు. ఆ మోడ్‌లో శుద్ధ పంచమమే లేదు, మేళకర్తల్లో (కర్ణాటక సంగీతపు మూల రాగాల్లో) దానికి చోటు లేకపోవడమూ అందుకే.

అయితే తంబురా మీదే ఉండిపోతే వాయింపు చెరువులో పడవలా అక్కడక్కడే తిరుగుతుంది. కార్డ్ మారే క్షణానికి స్వరం అందించడం అలవడదు. అందుకే వారంలో రెండు రోజులు లూపర్‌లో (వాయించింది రికార్డు చేసి తిప్పి తిప్పి వినిపించే పెడల్) నేనే రెండు కార్డ్‌లు వేసుకుంటున్నా. పెడల్ ఆలస్యంగా తొక్కితే అతుకు వినబడుతుంది, ఆ తప్పు నాదే. 1959లో జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 'సో వాట్'తో జనానికి తెలిసిన 32 బార్ల చట్రం ఉందే, డీ డోరియన్ 16, ఈ ఫ్లాట్ డోరియన్ 8, మళ్లీ డీ 8, దానికి మాత్రం యాప్‌లోని ట్రాక్ దగ్గరికే వెళ్తున్నా. అరస్వరం పైకి జరగడం తంబురాతో కాదు, లూపర్‌లో నా టైమింగ్ చాలదు.

కాబట్టి యాప్ తీసేయలేదు. నేను ఒంటరిగా, రోజూ ఒక గంట వాయించేవాణ్ణి. బేస్ వాయించే తోడు వారం వారం దొరికితే నాకిది అక్కర్లేదేమో. షడ్జం ఎక్కడుందో చెవికి ముందే పట్టుబడినవాళ్లకి పేర్ల తప్పు పెద్ద విషయం కాకపోవచ్చు. నాకు మాత్రం ఆరు నెలలు పోయింది. ఇప్పటికీ ఆ డీ, సీ, జీ ట్రాక్ పెట్టుకుంటా, జీ మేజర్ వాయించాలనిపించినప్పుడు.