కొత్త ఎయిర్ రైఫిల్ బ్యారెల్ కుదురుకోవడం: రెండేళ్ళ వాడకం తర్వాత

మా కొబ్బరితోటలో ఇసుక బస్తాలకి టార్గెట్ కాగితం అంటించి రెండేళ్ళుగా కాలుస్తున్నాను. రైఫిల్ స్ప్రింగ్ పిస్టన్‌ది (స్ప్రింగ్ తోసిన పిస్టన్ గాలిని నొక్కితే గుండు ఎగురుతుంది), గొట్టం లోపలి వ్యాసం .177 అంగుళం అంటే 4.5 మిల్లీమీటర్లు, గుండు శక్తి 20 జూల్స్ లోపే కాబట్టి లైసెన్సు గొడవ లేదు. కొన్న కొత్తలో ప్రతివాడూ బ్యారెల్ (గుండు వెళ్ళే గొట్టం) లోపలి గరుకు అరిగి కుదురుకోవాలంటే ఒక్కో షాటుకీ తుడవమన్నవాడే. అది మందుగుండు రైఫిల్ వాళ్ళ పద్ధతి. అక్కడ బుల్లెట్ మీది రాగి తొడుగు కొత్త బ్యారెల్ గరుకుకి అంటుకుపోతుందని తుడుస్తారు, ఆ తుడవడం అవసరమా కాదా అన్న తగువు వాళ్ళలో వాళ్ళకే తెగలేదు. మనది మెత్తటి సీసం పెల్లెట్టు, అది ఉక్కుని ఏం అరగదీస్తుంది?

అయినా మొదట్లో ఒక్కసారి తుడవాలి, తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు లోపల ఉంటుంది. స్ప్రింగ్ ఎక్కనంత వరకే బ్యారెల్‌ని కీలు దగ్గర కిందికి వంచి, గాలానికి కట్టే నైలాన్ దారం మడిచి రెండు కొసలూ వెనక నుంచి దూర్చి, మడతలో పాత బనీను ముక్క పెట్టి ముందు నుంచి లాగాను. మొదటి ముక్క తారులా వచ్చింది, ఏడోది గానీ తెల్లగా రాలేదు.

అసలు కుదురుకోవాల్సింది బ్యారెల్ కాదు, స్ప్రింగూ పిస్టన్ సీలూ (గాలి తప్పించుకోకుండా ఆపే వాషరు). మొదటి యాభై అరవై షాట్లకి పొగ, మాడు వాసన, ఒక్కోసారి టపాకాయలా చప్పుడు. గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి వేడెక్కితే లోపలి నూనె అంటుకుంటుంది, అదీ సంగతి. తగ్గుతోంది అనుకునేలోపు మా బాబాయి "ఇంట్లో కొబ్బరి నూనె పెట్టుకుని వేరే నూనె ఎందుకురా" అని లోపల రెండు చుక్కలు వేయించాడు. ఆ సాయంత్రం దెబ్బకి పక్క తోటవాళ్ళు గట్టు మీదకొచ్చి చూశారు. పుష్యమాసం చలికి ఆ నూనే లోపల గడ్డకట్టి షాట్లన్నీ నీరసంగా పడ్డాయి. మెకానిక్ విప్పి కడిగితే గానీ దారికి రాలేదు.

నాలుగొందల పెల్లెట్లు దాటాక 10 మీటర్ల దూరంలో టీ గ్లాసు మూతంత ఉన్న గుంపు (షాట్లు పడ్డ చోట్ల వెడల్పు) రూపాయి బిళ్ళంత అయింది. మళ్ళీ చెదిరితే నెల్లాళ్ళు బ్యారెల్నే తిట్టుకున్నాను, తీరా చూస్తే రైఫిల్‌ని చెక్క పిడికి బిగించే స్క్రూల్లో ముందువైపుది వదులు! స్ప్రింగ్ గన్ను ముందుకీ వెనక్కీ రెండు వైపులా అదురుతుంది, స్క్రూలు వారానికోసారి చూసుకోండి. ఇంకోటి, బ్యారెల్ తుడిచిన ప్రతిసారీ పదిహేను ఇరవై షాట్లు అటూఇటూ పోతాయి, సీసం మళ్ళీ పలచగా పట్టుకున్నాకే గుంపు దగ్గరపడుతుంది. అందుకే ఇప్పుడు గురి తప్పితేనే దారం తీస్తున్నాను.

నాకు నిజంగా తలనొప్పి తెచ్చింది మన డెల్టా తేమ. గోదావరికి వరదలొచ్చే నెలల్లో స్పాంజి కవరులో పెట్టి ఉంచితే, పది రోజుల్లో నా వేలిముద్రలు పడ్డచోటల్లా తుప్పు మచ్చలు. ఇప్పుడు కాల్చగానే గన్ ఆయిల్ గుడ్డతో పైన తుడిచి, గాలి ఆడే బీరువాలో తాళం వేసి పెడుతున్నాను. కవరులో గాలం కర్రలు పెట్టుకున్నాం.