కీచురాళ్ళ కొండ, నేతిబీర పందిరి

జపాన్ దాకా వెళ్ళి ఫుజి కొండ చూడకుండా వచ్చారా అని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతున్నారు. మా పది రోజులూ హైకూల వెంట, అంటే జపాన్ వాళ్ళ మూడు ముక్కల చిట్టి కవితల వెంట, తిరగడానికే సరిపోయాయి. అదే పని మీద వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

టోక్యోలోని ఫుకగవాతో మొదలుపెట్టాం. హైకూ అనగానే గుర్తొచ్చే పాతకాలపు కవి బషో 1680లో ఊరి సందడి వదిలి ఇక్కడి గుడిసెలోకి మారాడు. శిష్యుడు తెచ్చి నాటిన అరటి చెట్టే ఆయన కలం పేరయింది. బషో అంటే అరటి. ఇప్పుడు నది ఒడ్డున కాంక్రీటు, చిన్న మ్యూజియం, ఒక బుల్లి గుడి. టోక్యోలో ఉంటే ఒక పూట చూడొచ్చు, దీనికోసమే రానక్కర్లేదు.

యమదెరా అలా కాదు. సెందాయ్ నుంచి లోకల్ రైల్లో గంట. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కొండ, దాని మీద 860లో కట్టిన గుడి, పైదాకా 1,015 మెట్లు. 1689 నాటి ఉత్తరాది నడకలో బషో దారిలో ఇది లేనే లేదు. ఒబనజవాలో ఉండగా, తప్పక చూడాలని అక్కడివాళ్ళు చెబితే సుమారు 28 కిలోమీటర్లు వెనక్కి వచ్చాడు. ఆయన వచ్చింది జులైలో. మేమూ కావాలనే జులైలో వెళ్ళాం. ఒకటే ఉక్క. సగం మెట్ల దగ్గర మా ఆవిడ, "ఏవండీ, ఆయనంటే కవి, మనకెందుకండీ ఈ తిప్పలు" అంటూ కూలబడింది. నేనూ కూర్చున్నాను. అప్పుడు వినపడ్డాయి, చెట్ల నిండా కీచురాళ్ళు. ఎంత నిశ్శబ్దమో, ఆ రొద రాళ్ళలోకి ఇంకుతోంది అన్నాడు బషో. మొదటి చిత్తులో అది రాళ్ళకు పట్టుకుంటోంది అన్నట్టు ఉంది, తర్వాత మార్చాడు. అక్కడి కొండరాయి నిండా గాలీ వానా తొలిచిన బొర్రలు. వాటిని చూస్తే ఎందుకు మార్చాడో ఎవరూ చెప్పక్కర్లేదు. మన కీచురాయి పేరులోనే రాయి ఉందని నాకు తట్టింది కూడా ఆ మెట్ల మీదే. ఇంతకీ అరిచింది ఏ రకం పురుగని 1920లలో ఇద్దరు సాహితీవేత్తలు గట్టిగా వాదించుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ ఎక్కువగా ఉండేది చిన్న రకమేనని తేలాక, పెద్ద రకం అన్నాయన ఓటమి ఒప్పుకున్నాడు.

కింద కొట్లలో పుల్లకు గుచ్చి కొన్న్యాకు ఉండలు అమ్ముతారు. మన కందకు చుట్టమైన దుంపతో చేస్తారు. రబ్బరులా సాగుతాయి, నాకు నచ్చాయి. శాకాహారులు మాత్రం వాటిని దేంట్లో ఉడికించారో అడిగి తినాలి.

మళ్ళీ టోక్యో వచ్చి ఉగుయిసుదానిలో షికి అనే మరో కవి ఇంటికి వెళ్ళాం. స్టేషన్ పక్కనంతా గంటల లెక్కన గదులిచ్చే హోటళ్ళు. దారి తప్పామేమోనని కాస్త టెన్షన్ పడ్డాం. షికి కాలానికి ముందు పదిమంది కూర్చుని అల్లే గొలుసు పద్యాల్లో మొదటి పద్యాన్ని హొక్కు అనేవారు. 1890లలో దాన్ని గొలుసు నుంచి విడదీసి, హైకూ అని పిలిచి, విడి కవితగా నిలబెట్టింది షికి. ఆయన మాత్రం వెన్నుకు పాకిన క్షయతో లేవలేక ఈ గదిలోనే పడుకుని రాశాడు. 1902లో, 34 ఏళ్ళకే పోయాడు. తోటలో నేతిబీర పందిరి. ఆ తీగ నీరు కఫానికి మందట. ఆఖరి మూడు హైకూలూ నేతిబీర మీదే. ఇల్లు 1945 బాంబుల్లో కాలిపోతే మళ్ళీ కట్టారు. ఆ గదిలో నేల మీద కూర్చుంటే, అది అసలు ఇల్లు కాదన్న సంగతే గుర్తు రాలేదు. తెరిచే రోజులు ముందే చూసుకోండి.

చివర ఆయన పుట్టిన ఊరు మత్సుయామా. హిరోషిమా నుంచి పడవలో వెళ్ళాం. అక్కడి వేడినీటి బుగ్గల పేట దోగోలో మేం దిగిన సత్రం శుభ్రంగానే ఉంది కానీ, శాకాహారమని ముందే రాసి ఒప్పించినా ప్రతి గిన్నెలోనూ చేప చారే. రెండు రాత్రులూ పక్క షాపులో కొన్న అన్నం ముద్దలే దిక్కయ్యాయి. దోగోలో 1894 నాటి చెక్క స్నానాల భవనం మాత్రం వదలొద్దు, బట్టల్లేకుండా దిగాలన్న మొహమాటం రెండు నిమిషాల్లో పోతుంది.

1960ల నుంచి ఈ ఊళ్ళో హైకూ పోస్టు పెట్టెలు పెడుతున్నారు. రాసి వేస్తే, మంచివి ఎంపిక చేస్తారు. మన కాకినాడ ఇస్మాయిల్ గారు ఏనాడో తెలుగులో హైకూలు రాశారు కదా అన్న ధైర్యంతో, కోట దగ్గరి పెట్టెలో నేనూ ఒకటి తెలుగులోనే వేశాను. కాగితం ఎటువైపు తిప్పి చూశారో పాపం.