పాత యుద్ధ విమానం ఫోటో: మగ్గు మేలా, టీషర్టు మేలా?

అనంతపురం నుంచి బెంగళూరు దగ్గరే. అక్కడి హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) మ్యూజియంలో ఆ సంస్థ తయారుచేసిన పాత యుద్ధ విమానం మారుత్‌ను కెమెరాలో పట్టుకొచ్చాక దాన్ని దేని మీద వేయించాలన్నది తేల్చుకోవాలి. ఆకాశం, మెరుపు, రివెట్లు అన్నీ కావాలంటే మగ్గు. విమానం ఆకారం చాలనుకుంటే టీషర్టు.

మగ్గు మీద వేసేది సబ్లిమేషన్, అంటే వేడికి ఆవిరైన ఇంకు మగ్గు మీది పూతలోకి ఇంకే పద్ధతి. ఈ ఇంకుల్లో తెలుపు ఉండదు, మగ్గు తెలుపే ఫోటోలో తెలుపవుతుంది. రంగు వేయని లోహపు ఒళ్లున్న విమానాలు దీని మీద తళుక్కుమనేది అందుకే. అయితే ఎండకు తెల్లగా కాలిపోయిన చోట ఏమీ అచ్చుకాదు. ఫోటో తీసేటప్పుడే కాస్త ముదురుగా వచ్చేలా ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 పెట్టండి.

మామూలు 11 ఔన్సుల మగ్గు మీద అచ్చుకు దొరికే చోటు సుమారు 20 × 9 సెం.మీ. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 2362 × 1063 పిక్సెళ్లు. ఇక్కడే చాలామంది పొరపడతారు. మారుత్ పొడవు దాదాపు 16 మీటర్లు, ఎత్తు 3.6. పక్క నుంచి తీసిన ఫోటోను మగ్గు చుట్టూ పరిస్తే ముక్కు కనిపించినప్పుడు తోక కనిపించదు, ఎందుకంటే ఒక వైపు నుంచి కంటికి ఆనేది 8 సెం.మీ. మాత్రమే. పిడికి అటొకటి, ఇటొకటి, 8 సెం.మీ. వెడల్పున రెండు ఫోటోలు వేయించండి. ముందు మూల నుంచి తీసిన ఫోటో ఈ కొలతకు బాగా అమరుతుంది.

ప్రింటును అద్దంలో బొమ్మలా తిరగేసి తీసి, మగ్గుకు వేడికి ఆగే టేపుతో బిగించి, హీట్ ప్రెస్‌లో 180 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు. టేపు వదులైతే రెక్కకు నీడలా రెండో గీత పడుతుంది. ఎక్కువసేపు ఉంచితే నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. పిడి పక్కన వెలిసినట్టుంటే ఒత్తిడి చాలలేదని అర్థం.

కాటన్ టీషర్టుకు సబ్లిమేషన్ పనికిరాదు, ఉతికితే పోతుంది. డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) వేయించాలి: ఫిల్మ్ మీద అచ్చు, కింద తెల్ల ఇంకు, జిగురు పొడి, 150–160 డిగ్రీల్లో 10–15 సెకన్ల ఒత్తుడు. ఆకాశంతో సహా A4 సైజు వేస్తే ఛాతీ మీద ప్లాస్టిక్ అట్ట కట్టుకున్నట్టే. మే నెల కర్నూలు ఎండలో దాని కింద చెమట ఆరదు. ఫోటోను విమానం అంచు వెంబడి కత్తిరించి, వెనక భాగం ఖాళీగా ఉండే పీఎన్‌జీ ఫైలుగా ఇవ్వండి. పీటో గొట్టం (వేగం కొలిచే సన్న గొట్టం), యాంటెన్నా లాంటి సన్నటి భాగాలు మొదట లేచిపోతాయి, వాటిని కాస్త లావు చేయండి. చొక్కా తిరగేసి చన్నీళ్లలో ఉతకాలి, అచ్చు మీద నేరుగా ఇస్త్రీ పెట్టకూడదు.

దేనికైనా ఫోటో బాగుండాలి. దగ్గరగా నిలబడి వైడ్ లెన్స్‌తో తీస్తే ముక్కు ఉబ్బుతుంది. వెనక్కి జరిగి 50–85 మి.మీ. వాడండి. లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ ఆకాశాన్ని ముదురు చేస్తుంది గానీ కాక్‌పిట్ అద్దం మీద ఇంద్రధనుస్సు మచ్చలు తేగలదు, ఉత్త లోహం మెరుపును తగ్గించదు.

మొదటిసారైతే మగ్గే చేయించండి. అమ్మే ఉద్దేశముంటే ఏదైనా సరే, మ్యూజియం వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే.