దానంగా అందిన ల్యాప్‌టాప్: ఎనిమిది నెలల వాడకం తరువాత

సంస్థలు వాడి పక్కన పెట్టిన కంప్యూటర్లను సేకరించి, బాగుచేసి, కొనుక్కునే స్తోమత లేని కళాశాల విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే ఒక సేవ ద్వారా నాకు ల్యాప్‌టాప్ అంది ఎనిమిది నెలలయింది. ఇలాంటి యంత్రం మంచిచెడ్డలు చేతికి వచ్చిన రోజున తెలియవు, పరీక్షల ముందు వారంలో తెలుస్తాయి. అందుకే ఇన్నాళ్లు ఆగి ఈ సమీక్ష రాస్తున్నాను.

అంతకుముందు నా చదువంతా ఫోన్‌లోనే సాగింది. పాఠాలు వినడానికి ఫోన్ చాలు గాని, ప్రాజెక్టు నివేదిక రాయడానికి చాలదు. పట్టికలో ఒక గడి సరిచేసేలోగా పక్క గడి తెర అంచు దాటిపోయేది, కళాశాల ల్యాబ్‌కు వెళ్దామంటే సాయంత్రానికల్లా తాళం పడేది.

నాకు ఇచ్చినది కార్యాలయాల్లో వాడే రకం ల్యాప్‌టాప్. మూత మీద పాత సంస్థ నంబరు చీటీ ఊడదీసిన చోట జిగురు మరక ఇంకా ఉంది, ‘ఎస్’ మీట మీది అక్షరం పూర్తిగా అరిగిపోయింది. లోపల మాత్రం శ్రద్ధగా పని చేశారు. పాత హార్డ్ డిస్క్ తీసి, దానికన్నా చాలా వేగంగా పనిచేసే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అమర్చారు, ర్యామ్ 8 జీబీకి పెంచారు, ఫ్యాన్‌లో దుమ్ము తీసి ప్రాసెసర్‌కు వేడిని బయటికి చేరవేసే కొత్త థర్మల్ పేస్ట్ పెట్టారు. ఇవన్నీ ఏ తేదీన చేశారో, దాత సమాచారాన్ని ఎప్పుడు పూర్తిగా చెరిపివేశారో రాసిన చిన్న చీటీ కూడా ల్యాప్‌టాప్‌తో పాటే ఇచ్చారు. పాత కంప్యూటర్‌కు ప్రాణం పోసేది ముఖ్యంగా ఎస్‌ఎస్‌డీయే. ప్రాసెసర్ పాతదైనా, ఆన్ చేసిన అర నిమిషంలోపే పనిలో పడగలుగుతున్నాను.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తరువాతిదో కావాలి. నా యంత్రం ఆ గీతకు ఇవతలే ఉంది కాబట్టి విండోస్ 11 వేసి ఇచ్చారు. అంతకన్నా పాతవాటిలో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇస్తున్నారు, అది సరైన నిర్ణయమే. నా సహవిద్యార్థిని ఒకరు గణాంకశాస్త్రం చదువుతున్నారు. ఆమెకు కావలసిన ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు, లిబ్రేఆఫీస్ మూడూ అందులో ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి. కాని అదే రకం యంత్రం సివిల్ ఇంజనీరింగ్ చదివే మరో విద్యార్థికి అందింది. ఆ చదువుకు కావలసిన డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌కు లినక్స్ రూపం లేదు. ఆ అబ్బాయి డ్రాయింగ్ పనికి ఇప్పటికీ ల్యాబ్‌లో వంతు కోసమే వేచి ఉంటున్నాడు.

ఈ సేవలో నేను చూసిన పెద్ద లోపం ఇదే. దరఖాస్తులో కుటుంబ ఆదాయం గురించి నాలుగు చోట్ల అడిగారు, నాలుగింటికీ వేర్వేరు రుజువులు కోరారు. మేము ఏమి చదువుతున్నామో, ఆ చదువుకు ఏ సాఫ్ట్‌వేర్ కావాలో ఒక్క చోట కూడా అడగలేదు. మా పేదరికాన్ని అంత వివరంగా తెలుసుకున్నవారు మా చదువును కూడా ఒక్క గడిలో నింపమని ఉంటే, ఉన్న యంత్రాలే సరైన చేతుల్లో పడేవి. ఆ రుజువుల పరిశీలనకే ఏడు వారాలు పట్టింది, ఈలోగా సెమిస్టరు సగం గడిచిపోయింది.

బ్యాటరీ మరో సమస్య. విండోస్ ఇచ్చే బ్యాటరీ నివేదిక తీసి చూస్తే, తయారైనప్పుడు 50 వాట్ అవర్లు నిలిపిన బ్యాటరీ ఇప్పుడు 29 మాత్రమే నిలుపుతోంది. తరగతిలో రెండో గంట పూర్తికాకముందే ప్లగ్ కోసం గోడవారగా కూర్చోవలసి వస్తోంది. ఫోన్ చేసి చెబితే మర్యాదగా విన్నారు, కొత్త బ్యాటరీలు వచ్చినప్పుడు వరుసలో పిలుస్తామన్నారు; ఆ పిలుపు ఇంకా రాలేదు.

ఇచ్చిన తీరును మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. వేదిక ఎక్కించలేదు, దాతల పక్కన నిలబెట్టి ఫోటోలు తీయలేదు. ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, అరగంట సేపు పాస్‌వర్డ్ పెట్టుకోవడం, ఫైళ్లకు నకలు దాచుకోవడం నేర్పించి, ఇక ఇది మీదేనని చెప్పి పంపారు. చేయి చాచి తెచ్చుకున్నామన్న భావన ఎక్కడా కలగలేదు. చదువు పూర్తయ్యాక తిరిగి ఇవ్వాలన్న షరతు కూడా లేదు.

కొత్తగా దరఖాస్తు చేసుకునేవారు ఫారం చివర ఉన్న ‘ఇతర వివరాలు’ గడిని ఖాళీగా వదలకండి. మీ కోర్సు పేరు, తప్పనిసరిగా కావలసిన సాఫ్ట్‌వేర్ల పేర్లు అందులో రాయండి. యంత్రం అందిన రోజే ఆ బల్ల దగ్గరే బ్యాటరీ నివేదిక తీయించి, ఆ అంకెలను కూడా చీటీ మీద రాయించుకోండి.