టర్బైన్ రన్నర్ (నీళ్ల తాకిడికి తిరిగే బ్లేడ్ల చక్రం) చేయించుకునేవాళ్లూ జాగ్రత్త, రంగు వేయకముందే వెళ్లి చూసుకోండి

నిన్న సాయంత్రం బాలానగర్‌లో నాకు రన్నర్ చేసిచ్చిన షాపు నుంచి బయటికొచ్చాను, రాత్రంతా నిద్ర పట్టలేదు. షాపు పేరు రాయను. చిన్న హైడ్రో టర్బైన్ కోసం ఇక్కడ తిరిగినవాళ్లకి ఎవరో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

పాడేరు దగ్గర మా బావగారి కాఫీ తోటలో వాగుంది. 12 మీటర్ల హెడ్ (నీళ్లు పడే ఎత్తు), సెకనుకి 15 లీటర్ల నీళ్లు. అంటే నీళ్లలో ఉన్న శక్తి సుమారు 1.75 కిలోవాట్లు, 60 శాతం పట్టుకున్నా ఇంటికీ, కాఫీ పండ్ల తొక్క తీసే పల్పింగ్ షెడ్డుకీ సరిపడా ఒక కిలోవాట్ వస్తుంది. క్రాస్‌ఫ్లో టర్బైన్ అనుకున్నాం. నాలుగు నెలలు రాత్రిళ్లు కూర్చుని బ్లేడ్లు నేనే డిజైన్ చేశాను. 200 మిల్లీమీటర్ల వ్యాసం రన్నర్, 24 బ్లేడ్లు, ఒక్కో బ్లేడు వంపు దాదాపు 33 మిల్లీమీటర్ల రేడియస్. నాజిల్ నుంచి నీళ్లు 16 డిగ్రీల కోణంలో వస్తాయి, బ్లేడు బయటి అంచు 30 డిగ్రీలు ఉండాలి, లోపలి అంచు 90. ఇదెందుకు చెప్తున్నానంటే క్రాస్‌ఫ్లోలో నీళ్లు బ్లేడ్లని రెండుసార్లు తోస్తాయి, ఒకసారి లోపలికి వెళ్లేటప్పుడు, మధ్యలో ఖాళీ దాటాక అవతలి వైపు నుంచి బయటికి పోయేటప్పుడు ఇంకోసారి. మొదటి అంచు కోణం తప్పితే రెండోసారి తోసేందుకు నీళ్లలో బలం ఉండదు, దారి కూడా తప్పుతాయి.

డ్రాయింగు ఇచ్చాను, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాసిచ్చాను, 25,000 అడ్వాన్సు కట్టాను. మూడు వారాలకి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది, వెండి రంగులో మెరుస్తోంది. ఆ ఫోటో చూసి మిగతా 21,000 ఫోన్‌లోనే పంపేశాను. మా ఇంటి నుంచి బాలానగర్ గంట ప్రయాణం కూడా కాదు, వెళ్లి చూడలేదు. ఈ తప్పు నాదే.

ఘాట్ రోడ్డు మీదుగా తోటదాకా మోసుకెళ్లి, బిగించి, గేటు తెరిస్తే నీళ్లు బ్లేడ్లకి తగిలి వెనక్కి ఎగజిమ్ముతున్నాయి. లెక్క ప్రకారం 690 ఆర్‌పీఎం దగ్గర నడవాల్సింది, లోడు పెట్టగానే 400 కూడా దాటలేదు. వచ్చింది 300 వాట్లు. బావగారు ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

విప్పి తెచ్చి మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని కోణమానిని పెట్టి చూశాను. 30 ఉండాల్సిన చోట 45. ఒకటి రెండు కాదు, అన్ని బ్లేడ్లూ అంతే. ఫ్రిజ్ మీది అయస్కాంతం పెడితే టప్పున అతుక్కుంది, 304 అయితే అలా అతుక్కోదు. అనుమానం వచ్చి గోరుతో గీకితే వెండి రంగు కింద ముదురు పచ్చ రంగు బయటపడింది, దాని కింద తుప్పు. ఎవరి కోసమో చేసిన పాత రన్నర్‌కి పైన రంగు కొట్టి నాకు అంటగట్టారు.

నిన్న అదే పట్టుకెళ్లి టేబుల్ మీద పెట్టాను. ఓనర్ ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "పాతదైతే ఏంది సార్, తిరుగుతది గద" అన్నాడు. కోణం గురించి చెప్పబోతే, "యూట్యూబ్ చూసి అందరూ ఇంజినీర్లే అయితున్నరు, నీళ్లకేమన్న డిగ్రీలు తెలుస్తయా" అని పక్కనున్నవాళ్ల వైపు చూసి నవ్వాడు. వెల్డింగ్ చేసే కుర్రాడు మాత్రం బయటిదాకా వచ్చి మెల్లగా చెప్పాడు, "అన్నా, మీ డ్రాయింగు నాకు ఇయ్యనే ఇయ్యలే". నాలుగు నెలల పని, ఒక్కరు విప్పి చూడలేదు. డబ్బు పోయినదానికంటే ఆ మాటకి ఎక్కువ కడుపు మండింది.

బిల్లు అడిగితే ముందు తెల్లకాగితం మీద రాసిచ్చారు, అదీ నేను పట్టించుకోలేదు. డబ్బు పంపిన వివరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ ఉన్నాయి, ఇవాళ 1915కి ఫోన్ చేసి కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను.

మీరెవరైనా చేయించుకుంటుంటే రంగు వేయకముందే వెళ్లండి, బ్లేడు వంపుకి అట్టముక్క కత్తిరించుకుని, అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి, జీఎస్టీ బిల్లు లేకుండా బాకీ కట్టొద్దు.

ఇంకొకటి. ముదురు పచ్చ రంగు వేసిన 200 మిల్లీమీటర్ల రన్నర్ ఎవరైనా ఆ షాపుకి తిప్పి ఇచ్చి ఉంటే దయచేసి నాకు చెప్పండి. అది ఇప్పుడు మా బాల్కనీలో ఉంది, ఇద్దరం కలిసి ఫిర్యాదు చేద్దాం.