తాళంకప్పా, లోపలి తాళమా, గ్రిల్లా, డిజిటల్ లాకా: వీధి తలుపుకి ఏది మేలు?

పోయిన ఏడాది మా వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఇంటివాళ్ళు పెళ్ళికి వెళ్ళి మూడో రోజు వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. తాళంకప్ప మాత్రం పగల్లేదు, గడియకి వేలాడుతూ అలాగే ఉంది. గుమ్మం ముందు నాలుగు స్క్రూలు, కాస్త చెక్క పొట్టు. బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రి ఆ స్క్రూ ఒకటి చేతిలోకి తీసుకుని, "తాళం మంచిదేనండీ, దాన్ని పట్టుకున్నది ముప్పావు అంగుళమే" అన్నాడు.

అప్పటినుంచి తెనాలిలో అమ్మానాన్నల ఇంటి గురించి నాకు టెన్షన్ పట్టుకుంది. ఏడాదిలో మూడు నాలుగు నెలలు వాళ్ళు హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటారు. ఆ ఇంటికి ఏం చేయించాలా అని నాలుగు దారులు చూశాను.

అమ్మ నమ్మేది తాళంకప్పనే. నాన్న దగ్గర తమిళనాడులోని దిండిగల్‌లో చేసిన పాత తాళం ఉంది, చేతిలో పెట్టుకుంటే రాయిలా బరువు. అలాంటి కప్పని తప్పు పట్టడానికి లేదు. చిక్కంతా రెండు చోట్ల ఉంది. బయట వేలాడే తాళం ఇంట్లో ఎవరూ లేరని వీధంతటికీ చెబుతుంది. రెండోది, దొంగ చాలాసార్లు కప్ప జోలికి వెళ్ళడు, గడియ కింద రాడ్డు పెట్టి పైకి లేపుతాడు. రెండోదానికి మందు చవకే. గడియ స్క్రూలు తీసేసి, తలుపుకి ఆ వైపు నుంచి ఈ వైపుకి వచ్చే బోల్టులు వేసి, లోపల వాషరు పెట్టి నట్టు బిగించాలి. కొంకి ఎక్కువ బయటికి కనబడని కప్ప కొంటే, కోసే కట్టరుకి పట్టు దొరకదు. మొదటిదానికి మాత్రం మందు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళు ఊరెళ్ళేముందు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి స్టేషన్‌లో అడగండి. తాళం వేసిన ఇంట్లో కదలికను పట్టే కెమెరా పెట్టే ఏర్పాటు అది.

తలుపు లోపలి వైపు బిగించే పెట్టె తాళం నా లెక్కలో దీనికంటే మేలు. బయటికి కనబడేది తాళంచెవి రంధ్రం ఒక్కటే. ఇంట్లో మనుషులున్నా లేకున్నా తలుపు ఒకేలా ఉంటుంది. ఒకే నాలుక ఉన్నదానికంటే రెండు మూడు లావు కడ్డీలు దిగేది తీసుకోవాలి. అయితే ఇక్కడే చాలామంది మోసపోతారు. మన వీధి తలుపులు ఎక్కువగా లోపలికి తెరుచుకుంటాయి. బయటినుంచి భుజంతో గుద్దితే ఆ దెబ్బంతా ద్వారబంధం మీద ఉండే చిన్న పెట్టె మీద పడుతుంది, అంటే కడ్డీలు వెళ్ళి కూర్చునే చోట. తాళానికి నాలుగు వేలు పెట్టి, ఆ పెట్టెకి అంగుళం స్క్రూలు కొడితే లాభమేమిటి? రెండున్నర, మూడు అంగుళాల స్క్రూలు అడిగి మరీ వేయించాలి. వాటికి ముందే సన్నగా రంధ్రం వేయాలి, లేకపోతే పాత టేకు చీలుతుంది. ద్వారబంధాన్ని గోడకి పట్టే హోల్డ్‌ఫాస్టులు గట్టిగా ఉన్నాయో లేదో కూడా చూడాలి. తెనాలి ఇంట్లో ద్వారబంధానికి కుడివైపు చెద పట్టి, వేలితో నొక్కితే లోపలికి దిగింది. ఆ ముక్క మార్చకుండా ఏ తాళం పెట్టినా దండగే.

గ్రిల్ తలుపు సంగతి వేరు, అది అసలు తలుపు దగ్గరికే రానివ్వదు. చెక్క తలుపు తీసి గాలి పెట్టుకోవచ్చు, వచ్చినవాళ్ళెవరో చూసి మాట్లాడొచ్చు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి ఇంతకంటే ధైర్యం ఇచ్చేది లేదు. వెల్డర్‌కి రెండు మాటలు చెప్పండి. గ్రిల్ బయటికి తెరుచుకుంటుంది కాబట్టి బందుల పిన్నులు ఊడకుండా పైన వెల్డింగ్ చుక్క పెట్టాలి. గడియ చుట్టూ రేకు కట్టాలి, లేకపోతే ఊచల్లోంచి చెయ్యి పెట్టి తీసేస్తారు. మూడో మాట అమ్మకి చెప్పాల్సి వచ్చింది. రాత్రి లోపలినుంచి తాళంకప్ప వేసి చెవి దిండు కింద పెట్టుకునేది. గ్యాస్ లీకైతే, మంటలొస్తే ఆ చీకట్లో చెవి వెతుక్కునే టైము ఉండదు. లోపలినుంచి చెవి లేకుండా తెరుచుకునే గడియే ఉండాలి. "సరేలే నాన్నా" అంది. రేకు కట్టించాకే ఒప్పుకుంది.

డిజిటల్ లాక్ హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి పెట్టాం, పది వేలు దాటింది. పిల్లలు స్కూల్ నుంచి ముందొస్తే ఇబ్బంది లేదు, చెవి పోయిందన్న గొడవ లేదు. సౌకర్యానికి అది చాలా మంచిది. భద్రత కొంచెమే పెరుగుతుంది. దొంగ పిన్ నంబరు కొడుతూ నిలబడడు, తలుపునే తోస్తాడు. పైగా చాలా రకాల్లో దాన్ని దింపడానికి తలుపు మందంలో గాడి తవ్వుతారు. సన్నని తలుపు అక్కడ బలహీనపడుతుంది. వేలిముద్రతో తెరుచుకునేదైతే, ఏళ్ళ తరబడి పొలం పనో వంటపనో చేసి అరిగిన వేళ్ళని యంత్రం చాలాసార్లు గుర్తుపట్టదు. నాన్న వేలు పదిసార్లలో మూడుసార్లే పడింది. బ్యాటరీ అయిపోతుందని అది ముందే కూస్తుంది కానీ, మూసిన ఇంట్లో ఆ కూత ఎవరికి వినబడుతుంది? అత్యవసరానికి ఇచ్చే మామూలు తాళంచెవిని ఇంట్లోనే పెట్టి మర్చిపోకండి.

కాబట్టి కాపలా ఉన్న అపార్ట్‌మెంట్‌లో, తలుపు గట్టిదైతే, డిజిటల్ లాక్ చాలు. నెలలపాటు మూసి ఉంచే సొంతింటికి లోపలి పెట్టె తాళం, దానికి తోడు గ్రిల్. రెండింటికీ డబ్బు లేదంటే, పెద్దవాళ్ళు ఇంట్లోనే ఉండేటట్టయితే ముందు గ్రిల్, ఎక్కువ రోజులు ఇల్లు ఖాళీగా ఉంటే ముందు పెట్టె తాళం. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు గడియకి నట్టుబోల్టులు వేయించుకోండి, ఓనర్ కూడా కాదనడు.

ఇంతా చేశాక తెనాలి ఇంట్లో పని చేసిన మేస్త్రి పెరట్లోకి వెళ్ళి వంటింటి తలుపుని ఒక చేత్తో తోసి చూపించాడు. పల్చని ఫ్లష్ డోర్, పైన ఒక్క అల్యూమినియం గడియ. వాన నీటికి కింద పొర లేచిపోయింది. వీధి తలుపుకి ఇన్నాళ్ళూ ఆలోచించిన నేను దాన్ని చూడనే లేదు. వచ్చే వారం దానికి కొత్త తలుపు, పైనా కిందా రెండు ఇనుప గడియలు, మధ్యలో గోడలోకి దిగే అడ్డకడ్డీ పెట్టిస్తున్నాం.